ఎక్సోసోమ్ ఫేషియల్, పీఆర్‌పీ, సాల్మన్ డీఎన్‌ఏ: ఎండకు ముదిరిన చర్మం గురించి బెంగళూరు తెలుగువాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

ఇందిరానగర్, కోరమంగళ, హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్ వైపు స్కిన్ క్లినిక్ బోర్డుల మీద ఇప్పుడు ఎక్సోసోమ్ అన్న మాట బాగా కనిపిస్తోంది. ముదిరిన చర్మానికి "కణాలు లేని" చికిత్స అని దీన్ని చెబుతున్నారు. మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ అపార్ట్‌మెంట్ల తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో దాని మీద ప్రశ్నలూ పెరిగాయి. పదే పదే వచ్చేవాటికి జవాబులు ఇక్కడ రాశాను. నేను డాక్టర్ని కాను. కణాలు పెంచే ల్యాబులో పనిచేసినవాణ్ణి కాబట్టి ఎక్సోసోమ్స్ వచ్చే ఆ చిన్న సీసా వెనక ఏం జరుగుతుందో తెలుసు. నా అభిప్రాయాలు అక్కడక్కడా దొర్లుతాయి. మీ చర్మం విషయంలో ఆఖరి మాట మాత్రం దాన్ని చూసిన డాక్టరుదే.

అసలు ఈ "కణాలు లేని" చికిత్స అంటే ఏమిటి?

మూలకణాలను (స్టెమ్ సెల్స్) ఒంట్లోకి ఎక్కించకుండా, అవి బయటికి వదిలే పదార్థాన్ని మాత్రం తీసి వాడటం. కణాలను ల్యాబులో పోషక ద్రవంలో పెంచుతారు. అవి ఆ ద్రవంలోకి ప్రొటీన్లు, గ్రోత్ ఫ్యాక్టర్లు (కణాలను పెరగమని చెప్పే పదార్థాలు), కొవ్వు పొర చుట్టిన అతి చిన్న బుడగలు వదులుతుంటాయి. తర్వాత అన్నం వార్చి గంజి తీసినట్టు కణాలను వడగట్టేసి ద్రవాన్ని ఉంచుకుంటారు. ఆ ద్రవాన్నే సీరమ్‌లలో కలిపితే ఒక రకం ఉత్పత్తి. అందులోంచి బుడగలను మాత్రం వేరుచేస్తే ఎక్సోసోమ్స్. వీటి సైజు సుమారు 30 నుంచి 150 నానోమీటర్లు, అంటే మామూలు మైక్రోస్కోపులో కనపడవు.

కణాలు చాలావరకు కొవ్వు నుంచో, కాన్పు తర్వాత పారేసే బొడ్డుతాడు నుంచో తీసినవి. కొన్ని పాత గ్రోత్ ఫ్యాక్టర్ సీరమ్‌లకు పసిపిల్లల చర్మం నుంచి తీసిన ఫైబ్రోబ్లాస్ట్ కణాలు (చర్మపు పోగులు తయారుచేసేవి) ఆధారం. కణాలు ఎక్కడివన్నది శాకాహారులు అడగాల్సిన ప్రశ్నే, సిగ్గుపడక్కర్లేదు.

కణాలే లేనప్పుడు కణాలు చేసే పని ఎలా జరుగుతుంది?

1983లో కెనడాలోని మెక్‌గిల్ యూనివర్సిటీలో రోజ్ జాన్‌స్టన్ బృందమూ, అమెరికాలో సెయింట్ లూయిస్‌లోని ఫిలిప్ స్టాల్ బృందమూ ఎర్ర రక్తకణాలు ఎదిగే తీరు చూస్తూ ఈ బుడగలను గమనించారు. కణం తనకు అక్కర్లేని సరుకును బయట పారేస్తోందని అప్పట్లో అనుకున్నారు. అవి ఆర్‌ఎన్‌ఏను, ప్రొటీన్లను పక్క కణాలకు అందించి వాటి ప్రవర్తన మార్చగలవని తర్వాత తేలింది.

ఇంకో వైపు, మూలకణాలు ఎక్కించిన చాలా ప్రయోగాల్లో ఆ కణాలు ఎక్కువ రోజులు బతకలేదు, అయినా కొంత మేలు కనిపించింది. అంటే పని చేసింది అవి వదిలిన రసాయనాలేనేమో అన్న ఆలోచన బలపడింది. ఈ రకం మూలకణాలకు మీసెంకైమల్ స్టెమ్ సెల్ అన్న పేరును 1991లో ప్రచారంలోకి తెచ్చిన శాస్త్రవేత్త ఆర్నాల్డ్ కాప్లనే 2017లో ఆ పేరు మార్చాలని రాశారు. ఇవి కొత్త కణజాలంగా మారడం కన్నా చుట్టుపక్కల కణాలకు సంకేతాలు పంపడమే ఎక్కువ చేస్తాయన్నది ఆయన వాదన. ఈ భాగం వరకు సైన్సు గట్టిదే. నా పేచీ దీనితో కాదు, దీన్ని క్లినిక్ బోర్డు దాకా లాక్కొచ్చిన వేగంతో.

ఎండ చర్మాన్ని ఎలా ముదురు చేస్తుంది?

ఎండలోని అతినీలలోహిత (యూవీ) కిరణాల్లో యూవీబీ రకం పైపొరను కమిలిస్తుంది. యూవీఏ రకం ఇంకా లోతుకు, చర్మాన్ని బిగువుగా ఉంచే కొల్లాజెన్ అనే ప్రొటీన్ ఉండే పొర దాకా వెళ్తుంది. చర్మం కమలనంత తక్కువ ఎండ తగిలినా కొన్ని గంటల్లోనే కొల్లాజెన్‌ను తెగ్గొట్టే ఎంజైములు పెరుగుతాయని మిషిగన్ యూనివర్సిటీ శాస్త్రవేత్తలు 1990లలో చూపించారు. కొల్లాజెన్ తెగిపోతే ఫైబ్రోబ్లాస్ట్ కణాలకు పట్టు దొరకదు. పట్టు లేని కణం కొత్త కొల్లాజెన్ తయారు చేయడం తగ్గిస్తుంది. అలా ఏళ్ల తరబడి సాగుతుంది. ఇంకోపక్క చర్మానికి సాగే గుణమిచ్చే ఎలాస్టిన్ పోగులు చెడిపోయి ముద్దలు కడతాయి. చర్మం మందంగా, గరుకుగా, వేలాడినట్టు అవుతుంది.

2012లో ఒక వైద్య పత్రికలో వచ్చిన ఫొటో ఈ రంగంలో బాగా పేరుపడింది. 28 ఏళ్లు డెలివరీ ట్రక్కు నడిపిన 69 ఏళ్ల అమెరికన్ ముఖం అది. కిటికీ వైపున్న ఎడమ చెంప కుడి చెంప కన్నా ఎన్నో ఏళ్లు ముదిరినట్టు ఉంటుంది. మామూలు గాజు యూవీబీని ఆపుతుంది, యూవీఏని చాలావరకు వదిలేస్తుంది. మన దగ్గర డ్రైవరు కుడివైపు కూర్చుంటాడు కాబట్టి ఔటర్ రింగ్ రోడ్డు మీద రోజంతా క్యాబ్ నడిపేవాళ్లు కుడి చెంపను చూసుకోవాలి. ఆఫీసులో కిటికీ పక్క సీటు వాళ్లకూ ఇది వర్తిస్తుంది.

మన ఛాయలో మాత్రం ముడతల కన్నా ముందు మచ్చలు వస్తాయి. చర్మానికి రంగునిచ్చే మెలనిన్ ఎక్కువ ఉండటం వల్ల ముడతలు ఆలస్యమవుతాయి. చెంపల మీద నల్లబారడం, మంగు, కళ్ల చుట్టూ రంగు మారడం తొందరపడతాయి. ఈ సంగతి మర్చిపోయి తెల్లచర్మం మీద జరిగిన చికిత్సలను యథాతథంగా దింపుకుంటే ఇబ్బందే.

బెంగళూరు చల్లటి ఊరు కదా, ఇక్కడా ఇంత జాగ్రత్త కావాలా?

చలి వేరు, యూవీ వేరు. బెంగళూరు, చెన్నై రెండూ దాదాపు 13 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీదే ఉన్నాయి. బెంగళూరు సముద్ర మట్టానికి సుమారు 920 మీటర్ల ఎత్తులో ఉంది. ప్రతి వెయ్యి మీటర్లకు యూవీ పది శాతం దాకా పెరుగుతుంది. మార్చి, ఏప్రిల్ మధ్యాహ్నాల్లో ఇక్కడ యూవీ సూచిక 11 దాటడం, అంటే అత్యంత తీవ్ర స్థాయికి చేరడం, మామూలే. చెన్నైలో ఒళ్లు మండి నీడ వెతుక్కుంటాం. ఇక్కడ గాలి హాయిగా ఉందని కబ్బన్ పార్కులో పదకొండింటి దాకా కూర్చుంటాం. పల్చటి మబ్బు యూవీని పెద్దగా ఆపదు.

సరే, ఎక్సోసోమ్స్ పనిచేస్తాయా?

కొంత పనిచేయవచ్చు. ఎంత, ఎవరికి, ఎన్నాళ్లు అన్నదే ఇంకా తేలలేదు.

ఎక్కువగా చూపించే పరిశోధనలు కొరియావి. 2020లో వచ్చిన ఒకదానిలో మొటిమల గుంటలున్న 25 మందికి లేజర్ చేసి, ముఖంలో ఒక సగానికి కొవ్వు మూలకణాల ఎక్సోసోమ్స్, రెండో సగానికి ఉత్త జెల్ రాశారు. 12 వారాలకు ఎక్సోసోమ్ వైపు 32.5 శాతం మెరుగు, ఉత్త జెల్ వైపు 19.9 శాతం. 2023లో ముఖం ముదరడం మీద ఇలాగే సగం ముఖం పద్ధతిలో 28 మందితో ఇంకోటి వచ్చింది. అందులో లేజరుకు బదులు మైక్రోనీడ్లింగ్, అంటే సన్నటి సూదులతో గుచ్చడం. అక్కడా ఎక్సోసోమ్ వైపు కాస్త మెరుగే.

ఈ అంకెలను ఎలా చదవాలో చూడండి. మొదటి ప్రయోగంలో ఎక్సోసోమ్ రాయని వైపు కూడా దాదాపు 20 శాతం మెరుగైంది. అంటే మేలులో పెద్ద వాటా లేజరుది. చర్మాన్ని చిన్నగా గాయపరిస్తే అది మానే క్రమంలో కొత్త కొల్లాజెన్ తయారవుతుంది. ఎక్సోసోమ్ ఆ పైన కొంత కలుపుతోంది, ఎరుపును తొందరగా తగ్గిస్తోంది. పాతిక ముప్పై మంది, మూడు నెలలు, అదీ ఎక్కువగా కొరియన్ల చర్మం మీద. పొలం ఎండలో నలభై ఏళ్లు గడిపిన రాయలసీమ చర్మానికి ఇదే జరుగుతుందని వీటిని బట్టి చెప్పలేం.

క్లినిక్ గోడ మీది "ముందు, తర్వాత" ఫొటోల గురించి ఒక్క మాట: లైటు ఎటునుంచి పడుతోందో, నవ్వు ఉందో లేదో చూడండి. చాలావాటి సంగతి అక్కడే తేలిపోతుంది.

సీసా మీద "వెయ్యి కోట్ల ఎక్సోసోమ్స్" అని ఉంది. ఎక్కువ ఉంటే ఎక్కువ మంచిదా?

నాకు అన్నిటికన్నా చిరాకు తెప్పించే అంకె ఇదే.

వాటిని లెక్కపెట్టే యంత్రాలు ద్రవంలో కదిలే రేణువులను లెక్కపెడతాయి. అది ఎక్సోసోమా, ముద్దకట్టిన ప్రొటీనా, కొవ్వు తునకా అన్నది ఆ యంత్రాలకు మామూలుగా తెలియదు. అందుకే అంతర్జాతీయ ఎక్స్‌ట్రాసెల్యులర్ వెసికిల్స్ సంఘం 2014, 2018, 2023లలో మార్గదర్శకాలు ఇచ్చింది: రేణువుల లెక్కతో సరిపెట్టకండి, బుడగ పొర మీద ఉండాల్సిన ప్రొటీన్లు ఉన్నాయని చూపండి, ఉండకూడనివి లేవనీ చూపండి, ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు బొమ్మ పెట్టండి అని.

తయారీలో తేడాలు ఇంకా పెద్దవి. కణాలు ఎవరి నుంచి వచ్చాయి, ఎన్నిసార్లు పెంచి విడదీశారు, పోషక ద్రవంలో దూడ రక్తపు సీరమ్ కలిపారా, గురుత్వాకర్షణకు లక్ష రెట్ల బలం పడేలా గిర్రున తిప్పి వేరు చేశారా లేక వడపోత పట్టారా అన్న ఒక్కొక్క దాన్ని బట్టి సీసాలో సరుకు మారుతుంది. ఒకే ల్యాబులో రెండు బ్యాచులు ఒకేలా రావడమే కష్టం, ఆ పని చేసినవాళ్లందరికీ తెలిసిన సంగతి ఇది. దూడ సీరమ్ వాడితే అందులో దూడ ఎక్సోసోమ్స్ కూడా ఉంటాయి, వాటినీ యంత్రం లెక్కేస్తుంది.

తర్వాత నిల్వ. ద్రవ రూపంలో ఉంటే ల్యాబులో మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్లో పెడతాం. క్లినిక్కులకు వచ్చేవి చాలావరకు ఎండబెట్టిన పొడి, వాడేముందు ద్రవం కలుపుతారు. పొడి నయమే. కానీ విమానాశ్రయం గోదాములోనో, డెలివరీ బైకు మీద బొమ్మనహళ్లి ట్రాఫిక్‌లోనో ఎన్ని గంటలు వేడెక్కిందో సీసా చెప్పదు. కాబట్టి అంకె అడగొద్దు. బ్యాచ్ నంబరుతో ఉన్న పరీక్షా పత్రం అడగండి. చూపించలేకపోతే అదే జవాబు.

ఎక్సోసోమ్ సీరమ్ ఆన్‌లైన్‌లో కొని ఇంట్లో రాసుకుంటే సరిపోతుందా?

డబ్బు మిగుల్చుకోండి. ఆరోగ్యంగా ఉన్న చర్మపు పైపొర 500 డాల్టన్ల (అణువుల బరువుకు కొలత) కన్నా పెద్ద అణువులను తేలిగ్గా లోపలికి రానివ్వదు. ఎక్సోసోమ్ దానికి ఎన్నో రెట్లు పెద్దది. క్లినిక్కులో సూదులు, లేజరు వాడేది ఆ అడ్డు దాటించడానికే. రాసుకున్న సీరమ్ వల్ల ముఖం నిగనిగలాడితే ఆ ఘనత చాలావరకు అందులో కలిపిన, తేమను పట్టి ఉంచే హైలురోనిక్ యాసిడ్‌ది, గ్లిజరిన్‌ది.

ఇంట్లో డెర్మారోలర్ (చిన్న సూదులున్న రోలర్) కొనుక్కుని గుచ్చుకుని మరీ రాస్తామనేవాళ్లూ ఉన్నారు. వద్దు. చర్మం మీద రాయడానికి తయారైనది చర్మం కిందికి వెళ్లడానికి తగినంత శుభ్రంగా ఉండనక్కర్లేదు.

గులాబీ ఎక్సోసోమ్స్, సాల్మన్ చేప డీఎన్‌ఏ అంటున్నారు. అవీ ఇవే కదా?

కావు. మొక్క కణాలూ బుడగలు వదులుతాయి, నిజమే. గులాబీ కణం పంపే సంకేతం మనిషి చర్మానికి ఏ మేరకు అర్థమవుతుందన్న దానికి మనుషుల మీద ఆధారం పల్చన. మనిషి కణాల ఉత్పత్తుల మీద ఉండే ఆంక్షలు వీటికి లేవు, అందుకే మార్కెట్లో పెరిగాయి.

సాల్మన్ సరుకు వేరే. చేప వీర్యం నుంచి తీసి శుద్ధి చేసిన డీఎన్‌ఏ ముక్కలు అవి. గాయాలు మానడంలో వాడకం ముందునుంచీ ఉంది. చర్మ కణాల మీద సంకేతాలు అందుకునే అడినోసిన్ రిసెప్టర్ ద్వారా పనిచేస్తాయి. చేపలు పడనివాళ్లు డాక్టరుకు ముందే చెప్పాలి.

పీఆర్‌పీ కూడా ఇదేనా?

దగ్గరి చుట్టం. మీ రక్తమే 10-20 మిల్లీలీటర్లు తీసి, తిప్పి, ప్లేట్‌లెట్లు ఎక్కువున్న ప్లాస్మాను వేరుచేస్తారు. ప్లేట్‌లెట్ అంటే కేంద్రకం లేని కణపు తునక. అది పగిలి గ్రోత్ ఫ్యాక్టర్లు వదులుతుంది. మీ రక్తం మీకే కాబట్టి వేరేవాళ్ల నుంచి జబ్బు అంటుకునే భయం ఉండకూడదు, సూదులు, ట్యూబులు శుభ్రంగా ఉంటే. అమెరికాలోని న్యూ మెక్సికోలో లైసెన్సు లేని ఒక స్పాలో వాడేసిన సామానే మళ్లీ వాడటం వల్ల పీఆర్‌పీ ఫేషియల్ చేయించుకున్న ఆడవాళ్లకు హెచ్‌ఐవీ సోకినట్టు 2018లో మొదలైన విచారణలో బయటపడింది. సూది ప్యాకెట్ మీ కళ్ల ముందే విప్పమనండి. డాక్టరుగారు ఏమనుకుంటారో అన్న మొహమాటం ఇక్కడ పనికిరాదు.

వీటికి మన దేశంలో అనుమతి ఉందా?

2019 నాటి కొత్త మందుల, క్లినికల్ ట్రయల్స్ నిబంధనల ప్రకారం, మూలకణాల నుంచి తీసిన ఉత్పత్తిని మందుగా వాడితే అది ఎప్పటికీ "కొత్త మందు" కిందికే వస్తుంది. ఢిల్లీలోని కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి లేకుండా అమ్మకూడదు. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాలు కూడా ట్రయల్స్ బయట మూలకణ చికిత్సలను వ్యాపారం చేయవద్దంటాయి.

మరి క్లినిక్కుల్లో ఎలా దొరుకుతున్నాయి? కాస్మెటిక్‌గా. పైన రాసుకునే క్రీముగా దిగుమతి అవుతాయి. కొరియాలో కూడా వీటికి ఉన్న హోదా ఎక్కువగా అదే. పైన రాయడానికి వచ్చిన సీసాను సిరంజిలోకి ఎక్కించి చర్మంలోకి ఇంజెక్షన్ ఇస్తే అది వేరే సంగతి అవుతుంది. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ తాను ఏ ఎక్సోసోమ్ ఉత్పత్తినీ ఆమోదించలేదని 2019 డిసెంబరులో హెచ్చరిక ఇచ్చింది. నెబ్రాస్కాలో అలాంటివి ఎక్కించుకున్నవాళ్లకు తీవ్రమైన ఇబ్బందులు వచ్చాక ఇచ్చిన హెచ్చరిక అది.

కాబట్టి సీసా లేబులు చదవండి. "ఫర్ ఎక్స్‌టర్నల్ యూజ్" అని ఉంటే ఇంజెక్షన్‌కు ఒప్పుకోవద్దు.

మంగు మచ్చలు పోతాయా?

మంగుకు ఇది మొదటి చికిత్స కాదు, రెండోదీ కాదు. మంగులో ఎండ, హార్మోన్లు, వంశం అన్నీ కలిసి ఉంటాయి. వేడి, కంటికి కనిపించే వెలుతురు కూడా దాన్ని రేపుతాయి. దూకుడుగా లేజరు కొడితే మన ఛాయలో మచ్చ ఇంకా నల్లబడే ప్రమాదం ఉంది. ఐరన్ ఆక్సైడ్ కలిసిన, లేత రంగు ఉన్న సన్‌స్క్రీన్ మంగుకు మామూలు దానికన్నా మేలు, ఎందుకంటే అది వెలుతురునూ కొంత ఆపుతుంది.

ఒక హెచ్చరిక. మెడికల్ షాపులో "మంగు క్రీము" అడిగితే ఇచ్చే ట్యూబుల్లో చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది. వారంలో తెల్లబడతారు, నెలల్లో చర్మం పల్చబడి, ఎర్రటి నరాలు తేలి, మానేస్తే మంట పుడుతుంది. ఇలాంటి స్టెరాయిడ్ క్రీములకు డాక్టర్ చీటీ తప్పనిసరి అని 2018లో ప్రభుత్వం చెప్పినా షాపుల్లో అడిగేవాళ్లు తక్కువ. ఎక్సోసోమ్ చేయించుకోవాలని వచ్చినవాళ్లలో కొందరికి నిజానికి కావాల్సింది ఈ క్రీము మాన్పించే డాక్టరు.

మా అమ్మ అనంతపురం దగ్గర వేరుశనగ చేలల్లో జీవితమంతా పనిచేసింది. ఇక్కడికి తెచ్చి చేయిద్దామనుకుంటున్నాను.

ముందు అమ్మగారికి అది కావాలో లేదో అడగండి. కొడుకులు, కూతుళ్లు అడిగినంతగా అమ్మలు అడగరని నా అనుభవం.

రెండోది, ఫేషియల్ కన్నా ముందు చర్మాన్ని డాక్టరు ఒకసారి పూర్తిగా చూడాలి. మానని పుండు, మాటిమాటికీ రక్తం చిమ్మే మచ్చ, అంచులు లేచిన నల్లటి కురుపు ఉంటే ముందు దాని సంగతి తేల్చాలి. మన ఛాయలో చర్మ క్యాన్సర్ తక్కువే, అసలు లేకపోలేదు. కణాలను పెరగమని చెప్పే ద్రవాన్ని అనుమానపు మచ్చ ఉన్న చోట వాడటం తెలివైన పని కాదు. క్యాన్సర్ చికిత్స జరిగినవాళ్లు, గర్భిణులు, రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడేవాళ్లు కూడా దీని జోలికి పోకపోవడమే మంచిది. విక్టోరియా, బౌరింగ్ ఆసుపత్రుల చర్మ విభాగాల్లో తక్కువ ఖర్చుతో చూపించుకోవచ్చు. క్యూలో నిలబడే ఓపిక కావాలి.

మరి దీనికన్నా ముందు చేయాల్సింది ఏమిటి?

రెండే, రెండూ చవకే.

సన్‌స్క్రీన్. ఆస్ట్రేలియాలోని నాంబూర్‌లో నాలుగున్నరేళ్లు జరిపిన పరిశోధనలో రోజూ రాసుకున్నవాళ్లకు, తోచినప్పుడు రాసుకున్నవాళ్లకన్నా చర్మం ముదరడం 24 శాతం తక్కువగా కనిపించింది. 2013లో ప్రచురించారు. ఎక్సోసోమ్‌కు ఇంత పెద్ద, ఇంత పొడవైన పరీక్ష ఇప్పటికీ లేదు. ఎస్‌పీఎఫ్ (యూవీబీ నుంచి రక్షణ) 30 పైన, పీఏ (యూవీఏ నుంచి రక్షణ) పక్కన మూడు నాలుగు ప్లస్ గుర్తులు ఉన్నది తీసుకోండి. ముఖానికి, మెడకు కలిపి రెండు వేళ్ల పొడవునా పిండినంత కావాలి. బఠాణీ గింజంత రాసి పనిచేయలేదంటే ఎలా? స్కూటీ మీద వెళ్లేవాళ్లు స్కార్ఫు, పూర్తి చేతుల జాకెట్ మానొద్దు.

ట్రెటినాయిన్, విటమిన్ ఎ రకానికి చెందిన క్రీము. ఎండకు ముదిరిన చర్మం మీద దీని ప్రభావాన్ని ఆల్బర్ట్ క్లిగ్‌మన్ బృందం 1986లో చూపించింది. తగ్గిన కొల్లాజెన్ తిరిగి పెరుగుతుందని 1993లో మిషిగన్ బృందం చూపింది. 0.025 శాతంతో, రాత్రిపూట, వారానికి రెండు మూడు రోజులతో మొదలుపెట్టాలి. ఇక్కడ మాత్రం బఠాణీ గింజంత చాలు. మొదటి వారాల్లో పొట్టు లేస్తుంది, మండుతుంది, చాలామంది అక్కడే మానేస్తారు. ఫలితానికి నెలలు పడుతుంది. గర్భం ధరించాలనుకునేవాళ్లు వాడకూడదు. డాక్టరు చూసి రాస్తేనే కొనండి.

ఈ రెండూ ఆరు నెలలు సరిగ్గా వాడాక కూడా ఇంకా కావాలనిపిస్తే, అప్పుడు మైక్రోనీడ్లింగ్ గురించి మాట్లాడండి. దాని మీద ఎక్సోసోమ్ పూత వేయించుకోవాలా అన్నది ఆ తర్వాతి ప్రశ్న. నన్నడిగితే ఆ డబ్బుతో ఇంకో సిట్టింగ్ మైక్రోనీడ్లింగే చేయించుకుంటాను.

ఇన్సూరెన్స్ వస్తుందా?

రాదు. అందం కోసం చేసే చికిత్స కాబట్టి బిల్లు మీద జీఎస్‌టీ పడవచ్చు. ముందే అడగండి.

మంచి క్లినిక్కును ఎలా పోల్చుకోవాలి?

డాక్టరు పేరు పక్కన ఎండీ, డీడీవీఎల్, డీఎన్‌బీ లాంటి చర్మవైద్యపు డిగ్రీ ఉందా చూడండి. "కాస్మెటాలజిస్ట్" అన్న మాట ఒక్కటే ఉంటే ఇంకో రెండు ప్రశ్నలు వేయండి. కర్ణాటకలో ప్రైవేటు క్లినిక్కులు ప్రైవేటు వైద్య సంస్థల చట్టం (కేపీఎంఈ) కింద నమోదు కావాలి, ఆ సర్టిఫికెట్టూ రేట్ల పట్టికా కనపడేలా పెట్టాలి. భాష సమస్య కాదు, ఈ ఊళ్లో తెలుగు మాట్లాడే డాక్టర్లు, నర్సులు బోలెడుమంది.

మొదటి రోజే ఆరు సిట్టింగుల ప్యాకేజీ కట్టమని, ఈరోజే కడితే డిస్కౌంటని ఒత్తిడి చేస్తే లేచి రండి. ఒక సిట్టింగ్ అయ్యాక ఆగి, చర్మం ఎలా తీసుకుందో చూశాకే రెండోదానికి వెళ్లాలి.

తమ్ముడి పెళ్లి ఉంది. ఎన్ని రోజుల ముందు చేయించుకోవాలి?

మొదటిసారి అయితే పెళ్లి ముందు వద్దే వద్దు. ముందు ఒకసారి చేయించుకుని ఏ ఇబ్బందీ రానివాళ్లు కనీసం నెల ముందు ముగించాలి. మైక్రోనీడ్లింగ్ ఎరుపు రెండు మూడు రోజుల్లో తగ్గుతుంది, లేజరుకు వారం పైనే పడుతుంది. నల్లమచ్చ మిగిలితే మాత్రం అది నెలలు ఉంటుంది. చేయించుకున్న వారంలో మంగళస్నానం పసుపు, నలుగుపిండి ముఖానికి తగలనివ్వకండి. పెళ్లికూతురి వైపు వాళ్లు ఎంత బలవంతపెట్టినా సరే.